రెండువందల పన్నెండో ఫ్రేము తరవాత

మూడేళ్ల కిందట మే నెలలో ఒక గదిలో ఫ్యాన్ వేసుకుని అన్నం తిన్నాను. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆగి ఉంటే ఇది రాయాల్సినంత పని ఉండేది కాదేమో. అడిగినప్పుడు అబద్ధం కూడా చెప్పాను. దాని ఫలితం నా మీద పడలేదు. నాతో కలిసి పనిచేసిన అమ్మాయి మీద పడింది.

అప్పటికి నాకు యాభై ఒకటి. విజయవాడ భవానీపురంలో ఇరవై ఆరేళ్లు నడిపిన ఫోటో స్టూడియో మూసేశాను. పాస్‌పోర్టు సైజు ఫోటోలు కూడా జనం ఫోన్లలోనే తీసేసుకుంటున్నారు. మూసిన రోజు బాధపడతాననుకున్నాను, పడలేదు. షట్టరు దించి, తాళం వేసి, ఇంటికి వచ్చి పడుకున్నాను. రెండు నెలలు అలా పడుకునే ఉండేసరికి మా ఆవిడ ఎక్కడో ప్రకటన చూసి, బెంజ్ సర్కిల్ దగ్గర యానిమేషన్ నేర్పే చోట ఆరు నెలల కోర్సులో చేర్పించింది.

"కెమెరా ముందేసుకుని కూర్చునే పనేగా. ఇక్కడ గోడ చూస్తూ కూర్చునే బదులు అక్కడ కూర్చోండి" అంది.

వెళ్లాను. మిగతావాళ్లంతా ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. పాఠం చెప్పే సార్‌కి ముప్ఫై దాటి ఉండవు. బొమ్మని కొద్దిగా కదపాలి, ఫోటో తియ్యాలి, మళ్లీ కొద్దిగా కదపాలి, మళ్లీ తియ్యాలి. అలాంటి ఫోటోలు పన్నెండు కలిస్తే తెర మీద ఒక్క సెకను. ఒకరు కదపడానికి, ఒకరు కెమెరా చూసుకోవడానికి మమ్మల్ని జతలుగా విడిపోమన్నారు. ఎవరి ఈడువాళ్లని వాళ్లు ఎంచుకున్నాక నేనూ, ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయీ మిగిలాం.

"సార్ అననా, అంకుల్ అననా?" అని అడిగింది.

"ఏదైనా ఒకటేనమ్మా."

"అయితే బాబాయ్ అంటాను. సార్ అంటే నాకు భయమేస్తుంది, అంకుల్ అంటే మీకు కోపమొస్తుంది."

ఆమె కుడి మణికట్టు మీద పొడుగాటి మచ్చ ఉండేది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే ఎముక విరిగి, లోపల ప్లేటు వేశారట. "ఇది అద్దె చెయ్యి బాబాయ్. ఎప్పుడు వణుకుతుందో దానికే తెలీదు" అనేది. ఆ చెయ్యి వణకగా నేను ఒక్కసారీ చూడలేదు. నేను కెమెరా వెనక ఉన్నంతసేపూ ఆ చేతినే చూసేవాణ్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

కోర్సు చివర ఒక్కర్ని హైదరాబాదులో బొమ్మలతో ప్రకటనలు తీసే స్టూడియోకి పంపిస్తానని సార్ ముందే చెప్పారు. బొమ్మ కదిపే చెయ్యి ఎవరిది బాగుంటే వాళ్లని. ఆమెకి కావలసింది అదొక్కటే. ఇంట్లో ఆరు నెలలు గడువిచ్చారు. ఆ ఉద్యోగం రాకపోతే బి.ఇడి.లో చేరాలి.

మా సినిమా ఆలోచన ఆమెదే. డాబా మీద ఒక ముసలమ్మ పాత చీర పరిచి వడియాలు పెట్టి, కాపలా కూర్చుని కునుకు తీస్తుంది. ఆమె తల వాలగానే వడియాలు ఒక్కొక్కటే కదిలి, చీర దిగి, పిట్టగోడ వైపు పాక్కుంటూ పోతాయి. ముసలమ్మని తీగతో, మట్టితో చేశాం. వడియాలు మాత్రం నిజమైనవే. వాళ్లమ్మ పెట్టిన సగ్గుబియ్యం వడియాలు, రూపాయి బిళ్లంత, ఎండి కాగితంలా తేలిగ్గా ఉండేవి.

"కాకి రాదా మరి?" అన్నాను.

"కాకిని చెయ్యడం నాకు రాదు. వెనకాల మీరు అరవండి బాబాయ్, సరిపోద్ది."

నలభై వడియాలు. ఒక్కోదాన్ని పట్టకారుతో బియ్యపుగింజంత జరిపేది. నేను ఫోటో తీసి, పుస్తకంలో నంబరు రాసేవాణ్ని. గది కిటికీలకి నల్లకాగితం అంటించారు, పైన రెండు పెద్ద లైట్లు. గాలికి బొమ్మలు కదులుతాయని ఏసీ, ఫ్యాన్ వెయ్యకూడదు. ఫ్యాన్ స్విచ్ మీద టేపు వేసి ఉండేది. విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

మొదటి నెలలో ఒకసారి, వేరే జత షూటింగ్ చేస్తుండగా నేను కిటికీ తెరిచాను. సార్ అందరి ముందూ, "పెద్దవారు, మీకు నేను చెప్పకూడదండీ. ఇంకోసారి చేస్తే మాత్రం పిల్లలతో సమానంగా బయట నిలబెడతాను" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు రెండువందల పన్నెండో ఫ్రేము దగ్గర ఆగాం. ఆమె అన్నం తినడానికి కిందికి వెళ్లింది. నేను క్యారియర్ తెచ్చుకునేవాణ్ని కాబట్టి గదిలోనే ఉండిపోయాను. పుస్తకంలో "212 - భోజనం" అని రాశాను. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. టేపు తీసి, ఫ్యాన్ రెండులో పెట్టి, పెరుగన్నం తిన్నాను. తిన్నంతసేపూ నా కళ్లు క్యారియర్ మీదే ఉన్నాయి.

చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే వడియాలు జరిగి ఉన్నాయి. రెండు తిరగబడ్డాయి. ఫ్యాన్ కట్టేసి, టేపు మళ్లీ అంటించాను. కెమెరాలో ఆఖరి ఫోటో చూసుకుంటూ ఒక్కోదాన్నీ సర్దొచ్చు. గంట పట్టేది. నేను రెండు నిమిషాల్లో కంటి అంచనాతో సర్దేశాను. 

ఆమె వచ్చి, వంగి, కొంతసేపు చూసింది.

"బాబాయ్, ఇవి ఇలాగే ఉన్నాయా?"

"ఇలాగే ఉన్నాయమ్మా."

"ఎండలోంచి వచ్చానుగా, కళ్లు తేడా చేస్తున్నట్టున్నాయి" అని పట్టకారు తీసుకుంది.

వారం తరవాత అందరి సినిమాలూ తెర మీద వేశారు. మాది మొదలవగానే అందరూ ముందుకి వంగి చూశారు. వడియాలు నిజంగానే దొంగల్లా పాకుతున్నాయి. పద్దెనిమిదో సెకనుకి నలభై వడియాలూ ఒక్కసారి ఎగిరి పడ్డాయి.

"నూనెలో పడ్డాయి రోయ్" అన్నాడు వెనక నుంచి ఒకబ్బాయి. గదంతా నవ్వింది.

సార్ నవ్వలేదు. ఆ చోటే మూడుసార్లు వేసి చూశారు. "ఇక్కడ చెయ్యి తగిలిందమ్మా. లేకపోతే మధ్యలో ఆగి ఉండాలి. ఆగారా?"

ఆమె నా వైపు తిరిగింది. "భోజనానికి దిగింది అప్పుడే కదా బాబాయ్?"

పుస్తకం నా చేతిలోనే ఉంది. తెరవలేదు.

"కాదమ్మా. భోజనం ఆ తరవాత" అన్నాను.

నంబర్లు రాసేది నేను కాబట్టి ఆమె తన జ్ఞాపకం కంటే నా మాటే నమ్మింది. కుడిచెయ్యి తిప్పి చూసుకుని, ఒళ్లో పెట్టుకుంది. "నీ ఆలోచనలు బాగున్నాయమ్మా, ఎడిటింగ్ వైపు చూడు" అన్నారు సార్, మెల్లగానే. హైదరాబాదుకి వేరే అబ్బాయి వెళ్లాడు. ఆఖరి రెండు వారాలు ఆమె రాలేదు.

నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఇప్పుడు పచ్చళ్ల కంపెనీలకి చిన్న చిన్న వీడియోలు చేస్తున్నాను. తప్పు చేశానన్న సంగతి నాకు మొదటి రోజునుంచీ తెలుసు. దాని వల్ల నిద్ర పట్టలేదనో, అన్నం సహించలేదనో రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నిద్రపోయాను, తిన్నాను. సార్ కూడా ఉన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ప్రతి వేసవికీ ఎవరో ఒకరు ఆ ముక్క పెట్టి నవ్వుకుంటారు. నేనూ నవ్వే బొమ్మ ఒకటి పెట్టేవాణ్ని.

ఈ ఏడాది దాన్ని ఆ అమ్మాయే పెట్టింది. "నా వణుకుడు చెయ్యి చేసిన ఘనకార్యం" అని కింద రాసింది. ఆ రోజు నవ్వే బొమ్మ పెట్టలేకపోయాను.

బళ్లు తెరిచాక ఉయ్యూరు వెళ్లాను. బస్సు కంకిపాడు దాటేదాకా ఏం చెప్పాలో ఆలోచించుకున్నాను, ఆ తరవాత మానేశాను. ఆమె అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. విరామం బెల్లు కొట్టాక వరండాలోకి వచ్చింది. "ఏంటి బాబాయ్, ఇంత దూరం?" అని కుర్చీ తెప్పించబోయింది. నిలబడే చెప్పాను, మొత్తం.

"ఎంతసేపు వేశారు?" అంది.

"ఇరవై నిమిషాలు."

"ఎంతలో?"

"రెండులో."

తల ఊపింది. "మా నాన్న నన్ను సూర్యారావుపేటలో నరాల డాక్టరుకి చూపించాడు. చేతికి తీగలు పెట్టి పరీక్ష చేశారు. ఏమీ లేదన్నాడాయన. మేం నమ్మలేదు. తెర మీద కళ్లారా చూశాంగా. ఇప్పటికీ బోర్డు మీద రాసేటప్పుడు ఎడమచేత్తో ఈ మోచెయ్యి పట్టుకుంటాను. పిల్లలు నా వెనకాల అలా చేసి వెక్కిరిస్తారు."

"తప్పు చేశానమ్మా" అన్నాను.

"నాకు చెప్పారు, సరే. ఆ మాట అన్నది అందరి ముందూ కదా బాబాయ్."

బెల్లు కొట్టారు. ఆమె క్లాసులోకి వెళ్లిపోయింది. నేను బస్టాండులో బల్ల మీద కూర్చుని గ్రూపులో ఇది రాసి పంపాను:

"అందరికీ నమస్కారం. మా వడియాల సినిమాలో అవి ఎగిరిపడ్డ చోట ఎవరి చెయ్యీ తగల్లేదు. అక్కడే భోజనానికి ఆగాం. గదిలో నేనొక్కణ్నే ఉండి ఫ్యాన్ వేసుకున్నాను. ఆగారా అని సార్ అడిగితే లేదని అబద్ధం చెప్పాను. సార్, మీరు నా అబద్ధం విని ఆ అమ్మాయి చేతిని కాదన్నారు. అమ్మా, నీ చెయ్యి వణకలేదు. మూడేళ్లూ అది తెలిసే ఊరుకున్నాను, మీ అందరితో కలిసి నవ్వాను కూడా. నన్ను క్షమించమని మీ అందరి ముందూ నిన్ను అడుగుతున్నాను."