మేకప్ కాని దెబ్బ

ఫిల్మ్‌నగర్‌లో మేకప్ వేసి బతికేదాన్ని నేను. హీరో నుదుటి మీద నెత్తురు, విలన్ బుగ్గ మీద కత్తిగాటు, అన్నీ నా చేతి చలవే. అందుకే ఆ రోజు షూటింగ్ భోజనాల దగ్గర, నా పక్కన కూర్చున్న పెద్దమ్మ పప్పు గిన్నె కోసం చేయి చాచగానే అవి నిజం దెబ్బలని నాకు ఇట్టే తెలిసిపోయింది. మోచేతి పైన వరసగా నాలుగు మచ్చలు. నడుమ నల్లగా, అంచులు పసుపుపచ్చగా.

ఆమె గుంపు సీన్లలో నిలబడే ఆర్టిస్టు. డెబ్బై దాటినా పెళ్లి పందిట్లో, బస్టాండులో, ఎండలో ఎక్కడ నిలబెట్టినా నవ్వుతూ నిలబడేది.

"ఏంటి పెద్దమ్మా ఇది?"

"మెట్ల మీద పడ్డ బిడ్డా."

"మెట్లకు వేళ్లుంటాయా?" నాకు కోపమొస్తే నోరు ఆగదు.

ఆమె చెంగు కప్పుకుంది. నేను వదల్లేదు. పక్కకు తీసుకెళ్లి కూర్చోబెడితే అప్పుడు చెప్పింది. షేక్‌పేటలో ఉన్న రెండు గదుల ఇంటిని, చివరిదాకా తనను చూసుకోవాలన్న షరతు మీద కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది. పత్రం చేతికొచ్చాక వాడు ఇల్లు వదిలి పొమ్మంటున్నాడు. పోనన్నందుకు కొడుతున్నాడు. ఛీ, వాడి చేతులు పడిపోను! పైకే తిట్టాను. "గట్ల తిట్టకు, జర నిమ్మలం" అని నన్నే ఓదార్చింది మహాతల్లి.

సీను సీనుకీ మొహాలు ఫోటో తీసుకోవడం మా పనిలో అలవాటు. అదే అలవాటుతో ఆమె చేతినీ తీశాను. ఆమె సరేనన్నాక ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పత్రమంతా చదివి, "షరతు తప్పాడు కాబట్టి డీడ్ రద్దు చేయమని అడగొచ్చు. పెద్దవాళ్ల కోసం ఆర్డీవో ఆఫీసులో ట్రిబ్యునల్ ఉంది, అక్కడ అర్జీ పెడదాం" అంది.

విచారణ రోజు ఫోటోలు చూపించగానే కొడుకు లేచాడు. "అంత నాటకం సార్. మా అమ్మ సినిమాలల్ల చేస్తది, గీమె మేకప్ ఏస్తది. ఇద్దరు గల్సి దెబ్బలు పెట్టిండ్రు."

సాక్ష్యానికొచ్చి నేనే ఆమె కేసు చెడగొట్టానా? ఇల్లు పోతే ఈ వయసులో ఎక్కడికి పోతుంది? ఆఫీసరు ఫోటోల వంక, నా వంక మార్చి మార్చి చూస్తున్నాడు.

పెద్దమ్మ తొణకలేదు. "సార్, గుంపుల నిలబడేటోళ్లం పౌడర్ గూడ ఇంటికాడనే పూస్కొనొస్తం. నా అసొంటి ముసల్దానికి పనిగట్టుకొని మేకప్ ఎవరేస్తరు? నన్ను హీరోయిన్ననుకున్నడా వీడు?"

ఆఫీసరు నవ్వాపుకోలేకపోయాడు. కొడుకు తల దించుకున్నాడు. ఆ తర్వాత పక్కింటివాళ్లూ తాము చూసింది చూసినట్టు చెప్పారు. ఎంత గట్టి మనిషండీ ఆవిడ! ఎందరో హీరోయిన్లకు మేకప్ వేశాను గానీ, చేతులెత్తి దండం పెట్టాలనిపించింది ఆమెకే.

డీడ్ రద్దయింది. ఇల్లు మళ్లీ ఆమెదైంది. కొడుకు కిరాయి ఇల్లు చూసుకుని ఆటోలో సామాను ఎక్కిస్తున్న రోజు తోడుగా నేనూ వెళ్లాను. మనసు కరిగి ఎక్కడ ఉండిపొమ్మంటుందోనని నాకు ఒకటే భయం. ఆమె గడపలో నిలబడి, కళ్లు తుడుచుకుని, కొడుకును పిలిచింది.

"ఆకలైతే రా బిడ్డా, అన్నం పెడ్త. తిని పో."