బేస్ గిటారు తీగలు విప్పిన రోజు

నేను హిందూపురంలో కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన వారం అది. మా మనవరాలు చర్చిలో వాయించే బేస్ గిటారును తుడవాలని, పాత తీగలు తీయడానికి కూర్చుంది. ఆ తీగలు పారేయడం నాకిష్టం లేదు.

"చిక్కుడు పందిరికి కట్టుకుంటా, కత్తిరించి ఇయ్ మే" అని కటింగ్ ప్లేరు అందిస్తూ దగ్గరగా వంగాను.

"బిగువు మీద కోస్తే ఎగిరి నీ కంటికే తగుల్తాది. ఎనక్కి జరుగవ్వా!"

"నా కన్ను నేను చూసుకుంటాలే."

నేను జరగలేదు. తను ఒక చేత్తో తీగలు బిగించే మర తిప్పి తీగలను ఒక్కొక్కటే వదులు చేస్తూ, రెండో అరచేతిని నా కంటికి అడ్డం పెట్టింది. ఆఖరి తీగ వేలాడేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. అరచేతికి ఇనుము వాసన. తియ్యమని నేనూ అనలేదు.