గోదారి నీళ్ళతో కొలిచిన గ్రహణం

మా మావయ్యగారు, అంటే మా అమ్మకి అన్నగారు, ఆత్రేయపురం దగ్గర ఒక పల్లెలో పంచాంగం గణించేవారు. నాకు లెక్క నేర్పిన గురువూ ఆయనే. పాత గ్రంథం చెప్పిన వేళకి గ్రహణం పట్టడం లేదనీ, గడియసేపు ఆలస్యమవుతోందనీ ఆయన అనుమానం. ఇరవై ఏళ్ళపాటు చూసిన ప్రతి గ్రహణాన్నీ తాటాకుల మీద రాసుకుని, చివరికి ఒక సవరణ కట్టారు. తోటి పండితులు నవ్వారు. మహర్షులనే దిద్దే మొనగాడు బయల్దేరాడన్నారు. రాబోయే శ్రావణ అమావాస్యనాటి సూర్యగ్రహణం మీ లెక్కకి కుదిరితే అప్పుడు ఒప్పుకుంటాం, అన్నారు.

పాత లెక్క ప్రకారం సూర్యోదయం నుంచి పదో గడియకి పట్టు. మావయ్యగారి సవరణ ప్రకారం పదకొండో గడియకి.

కాలం కొలిచే పని నాది. అప్పటికి నాకు పాతికేళ్ళు, పెళ్ళయింది, నా అంత గణకుడు లేడన్న పొగరు కూడా ఉండేది. మా పనిముట్టు గడియగిన్నె. అడుగున సూదిబెజ్జం ఉన్న రాగిగిన్నె అది. గంగాళంలో నీళ్ళ మీద వదిలితే, నిండి మునగడానికి సరిగ్గా ఒక గడియ పడుతుంది. ఎప్పుడూ మా నూతినీళ్ళే పోసేవాళ్ళం. ఆవేళ నాకు భక్తి ముంచుకొచ్చింది. పక్కన గోదావరి ఉండగా గ్రహణంపూట నూతినీళ్ళేమిటనుకుని, వరదకి ఎర్రబారిన కొత్తనీళ్ళు కావిడితో మోసుకొచ్చి గంగాళం నింపాను.

సూర్యుడు అలా కనబడి మబ్బులోకి పోయాడు. నీడ కొలిచి సరిచూసుకునే దారి లేకపోయింది. గిన్నె మునిగినప్పుడల్లా నేను గంట కొట్టాను. తొమ్మిదోసారి గిన్నె మునిగాక మబ్బు విడింది. పదో గంట కొట్టి ఊపిరి తీసుకునేలోగా, పసుపునీళ్ళ పళ్ళెంలో సూర్యుడి అంచు కొరికినట్టు కనిపించింది. పండితులు ఎగతాళి కూడా చెయ్యలేదు. "పోన్లెండి, ప్రయత్నం చేసేరు," అని ఉత్తరీయాలు దులుపుకుని స్నానానికి వెళ్ళారు. ఆ మర్యాదే మావయ్యగారిని కోసేసింది.

మధ్యాహ్నం గిన్నె తోముతుంటే బెజ్జం చుట్టూ ఒండ్రు వేలికి తగిలింది. బెజ్జం కాస్త పూడింది, గిన్నె నెమ్మదిగా మునిగింది. నేను పది లెక్కపెట్టేసరికి బయట పదకొండు గడియలు గడిచిపోయాయి. మావయ్యగారి లెక్కే సరైనది.

చెప్పాలని నడవలోకి పరిగెత్తాను. ఆయన తాటాకుల కట్టకి దారం చుడుతున్నారు. "ఇదంతా నా అహంకారంరా. గోదాట్లో కలిపేద్దాం, పట్టు," అన్నారు. ఒండ్రు సంగతి దాచేశాను. పండితుల ముందు తల కొట్టేసినట్టవుతుందని భయం. ఆ కట్ట భుజాన పెట్టుకుని రేవుదాకా మోసింది నేనే.

ఆ తరవాత ఎనిమిదేళ్ళు ఆయన పాత లెక్కే చెప్పారు. రాజోలు, కొత్తపేట, అమలాపురం వైపు నుంచి వచ్చి నేర్చుకున్నవాళ్ళు దాన్నే తమ ఊళ్ళకి పట్టుకుపోయారు. కోనసీమంతా ఆయన శిష్యులే. అందరి పంచాంగాల్లోనూ నా ఒండ్రే.

మళ్ళీ పగటి గ్రహణం వచ్చింది. మాఘమాసం, చలి ఇంకా పోలేదు. మావయ్యగారు చెప్పిన గడియకి ఊరంతా నీళ్ళలో దిగింది. సూర్యుడు నిక్షేపంలా ఉన్నాడు. వణుకుతూ ఒక ముసలమ్మ, "ఏవండీ సిద్ధాంతిగారూ, సూర్యుడికి కబురెట్టడం మర్చిపోయేరాండీ?" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. మొలలోతు నీళ్ళలోనే ఆయన చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను.

"గోదారినీళ్ళు తేవడం తప్పు కాదురా. నేనైనా అదే చేద్దునేమో," అన్నారు. "బెజ్జం పూడిందని ఆవేళే తెలుసా?"

"ఆయ్."

"కట్ట మోసేటప్పుడు కూడా తెలుసా?"

"ఆయ్, మావయ్యగారూ."

"ఎనిమిదేళ్ళు నా కళ్ళని నేనే నమ్మలేదురా," అన్నారు. అంతలో పట్టు పడింది. ఆయన మునిగి లేచారు.

ఇంటికి రాగానే శిష్యులందరికీ కబురు పంపారు. సవరణ ఆయనకి నోటికి వచ్చు, నాచేతే రాయించారు. ఇరవై ఏళ్ళ గ్రహణాల రాతలు మాత్రం మళ్ళీ రాలేదు. మూడో నాలుగో గుర్తున్నాయి, అంతే.

ఇప్పుడు మావాళ్ళు గిన్నె వదిలేముందు నూతినీళ్ళని బట్టలో వడగట్టి, ఏ నూతివో పైకి చెబుతారు. మొన్న నా శిష్యుడొకడు, "ఈ ఆచారం ఎందుకొచ్చిందండీ?" అని అడిగాడు. పెద్ద గురువుగారి దగ్గర ఒకడు తప్పుచేసి దాచాడని చెప్పాను.

"తరిమేసేరాండీ అతన్ని?"

"లేదు. మర్నాడు గిన్నె మళ్ళీ అతని చేతికే ఇచ్చేరు," అన్నాను. అతను ఎవరని శిష్యుడు అడగలేదు, నేనూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాశాను.