ఇల్లు దాటిన మిర్చి

ఆ మనిషిని నేను క్షమించలేదు. క్షమించను కూడా.

ఆ ఏడు మహబూబాబాద్ మార్కెట్లో వ్యాపారులంతా కూడబలుక్కొని మిర్చి ధర పడగొట్టారు. మాది కౌలు చేను. ఈ పంటకు మంచి ధర వచ్చి కౌలు కడితేనే మరుసటి ఏడు ఆ చేను మాకు దక్కుతుంది. మా ఊరూ చుట్టుపక్కల తండాలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి: ఎండిన కాయ ఇల్లు దాటకూడదు. యుద్ధమంటే యుద్ధమే. కాయ లేక దుకాణాలు ఈగలు తోలుకున్నాయి. వ్యాపారుల మనుషులు బతిమాలుతూ ఊళ్లోకి రావడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే మా నాయకుడికి పాడుబుద్ధి పుట్టింది. వరసకు నాకు అన్న.

"అందరం బస్తాలు తీస్కపోయి మార్కెట్ యార్డుల పేర్చుదం. మన బలం జూస్తే వాళ్ల గుండె జారుతది" అన్నాడు.

"అన్నా, మబ్బు వట్టింది. ఇంట్ల ఉన్నన్ని దినాలే కాయ మనది. యార్డుకు పోతే వాళ్ల చేతులకు పోయినట్టే" అన్నాను.

"ఆడోళ్లకేం తెలుస్తది, జర ఊకో!"

అందరూ నవ్వారు. ట్రాక్టర్లు కదిలాయి. ఆయన మెడలో దండ వేసుకొని ఉపన్యాసం దంచాడు. వ్యాపారులు షట్టర్లు దించి ఇళ్లకు పోయారు. వాళ్లు చేయాల్సిన పనే లేదు, సాయంత్రం వాన చేసిపెట్టింది. తడిసిన కాయను మర్నాడు వాళ్లు చెప్పిన ధరకే ఇచ్చి వచ్చాం. నాయిన బస్తా మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేను పోయింది. ఇంకో చేను కౌలుకు దొరికేదాకా నాయినా నేనూ కూలికి పోయాం. శత్రువు మీద కూడా నాకు అంత కసి లేదు. గెలిచే యుద్ధాన్ని చేతులారా పోగొట్టాడు వీడు!

మొన్న మళ్లీ ధర పడింది. మళ్లీ ఆయన యార్డుకే పదండి అన్నాడు. ఈసారి నేను ఊకోలేదు. ఇల్లిల్లూ తిరిగాను. నాయిన ఏడ్పును గుర్తుచేశాను. ఒక్క బస్తా కదల్లేదు. ఆయన ట్రాక్టరు ఒక్కటే పోయింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. నాయిన వినాలని స్పీకరు పెట్టాను.

"చెల్లె, ఒక్కరు రాకపోతిరి. గీడ వాన మొదలైంది. కాయంత నానుతాంది, ఏం జెయ్యాలె?"

"ఏమో అన్నా, ఆడోళ్లకేం తెలుస్తది!"

ఫోన్ పెట్టేశాను. నా కడుపు చల్లబడింది.