మా పెద్దాడి దయ్యం పాట

సాయంత్రం సున్నం బట్టీ నుంచి ఇంటికి వచ్చేసరికి మా పెద్దాడు ముందు గదిలో గిటారు వాయిస్తూ అరుస్తున్నాడు. గుంటూరులో స్నేహితుడెవరో పంక్ రాక్ అని, దయ్యాల మీద అరిచి పాడే ఇంగ్లీషు పాటల క్యాసెట్ ఇచ్చినప్పటి నుంచి, చూసిన ప్రతి దయ్యం సినిమా మీదా ఇలాగే పాట కడుతున్నాడు.

“ఒళ్ళంతా తెలుపు, కళ్ళేమో ఎరుపు, గుమ్మంలో దయ్యం!”

గుమ్మంలో నేనే ఉన్నాను, నిలువెల్లా సున్నం దుమ్ముతో.

మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. “ఏందిరా, మీ నాయన మీద కట్టావా?”

వాడు ఠక్కున ఆపేశాడు. “కాదమ్మా, సినిమాలో దయ్యమే.”

నాకు కోప్పడే ఓపిక లేదు. “మిగతాది కూడా పాడరా” అని నీళ్ళు పోసుకోవడానికి దొడ్లోకి వెళ్ళాను. కాసేపటికి రెండో చరణం వినిపించింది. అందులో దయ్యం తెల్లవార్లూ దగ్గుతుంది.

దగ్గే దయ్యాన్ని నేను ఏ సినిమాలోనూ చూడలేదు. మీరెవరైనా చూశారా?