అనుమానాల మేస్త్రి సంతకం

తాళాలు బాగుచేసే మనిషికి అనుమానం వృత్తిధర్మం. ఎవరైనా నకలు తాళంచెవి కావాలని వస్తే, ఆ ఇల్లెవరిది, పాత చెవి ఏమైంది, ఇంట్లో ఇంకా ఎవరున్నారు అని మూడు ప్రశ్నలు వేశాకే ఆకురాయి చేతిలోకి తీసుకోవాలి. మన మేస్త్రి మూడుతో ఆగే రకం కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి తన సొంత బీరువా చెవి పోగొట్టుకుని వస్తే, బీరువా రెండో అరలో ఏమున్నాయో చెప్పమన్నాడు. చెప్పాక వెంట వెళ్లి, బీరువా తెరిచి, రెండో అర కళ్లారా చూసుకుని, అప్పుడు గానీ కొత్త చెవి ఆయన చేతిలో పెట్టలేదు. వీధివాళ్లు 'అనుమానాల మేస్త్రి' అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. దుకాణానికి అంతకన్నా మంచి బోర్డు ఏముంటుంది అనేవాడు.

ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. దుకాణంలో ఒక గోడ నిండా మేకులకు వేలాడే, ఇంకా పళ్లు కోయని ఖాళీ తాళంచెవులు, రెండో గోడ పక్కన వాటిని కోసే మిషను. మిషను దగ్గర కూర్చునేది ఆయన అక్క. ఆవిడకి యాభై దాటాయి. ఒక చెవి కోసి ఇంకో చెవి బిగించేలోపు దొరికే రెండు నిమిషాల్లో అరపేజీ చదివేసే మనిషి. ఆవిడ చదివిన పుస్తకం ఏది దులిపినా ఇత్తడి పొడి రాలుతుంది. మేస్త్రి భార్య జ్వరమని ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి పిల్లకి ఎనిమిది నెలలు. ఆ పిల్లని ఒళ్లో వేసుకుని పెంచింది ఈ అక్కే.

ఇప్పుడా పిల్లకి ఇరవై ఏళ్లు. యూనివర్సిటీలో ఆర్ట్స్ చదువుతోంది. మేస్త్రికి అసలైన అనుమానాలు అక్కడే మొదలయ్యాయి.

"ఆర్ట్సంటే బొమ్మలేస్తారా?" అని అడిగాడు మొదటిరోజే.

"లేదు నాన్నా. చరిత్ర, సాహిత్యం, కమ్యూనికేషన్... మనుషులు ఒకళ్లతో ఒకళ్లు ఏం చెప్పుకుంటారు, ఏం దాచుకుంటారు, ఎందుకు దాచుకుంటారు, ఇవన్నీ."

"దాచింది వెతకడానికి పోలీసులున్నారు కదమ్మా. మళ్లీ దీనికో డిగ్రీ ఎందుకు?"

కూతురు పకపకా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. ఆ వారంలోనే ఒకరోజు దుకాణం అక్కకి అప్పగించి, చెప్పాపెట్టకుండా యూనివర్సిటీకి వెళ్లి చూసొచ్చాడు. క్లాసు గది కిటికీ పక్కన నిలబడి అరగంట విన్నాడు. పంతులమ్మ ఒక ప్రశ్న వేస్తుంది, పిల్లలు తలా ఒక జవాబు చెబుతారు, ఆవిడ అన్నీ బాగున్నాయంటుంది! లెక్క అన్నాక జవాబు ఒక్కటే ఉండాలి, తాళానికి చెవి ఒక్కటే ఉండాలి. ఎవరేం చెప్పినా బాగుందనే చోట ఏదో మతలబు ఉందని తేల్చుకుని ఇంటికొచ్చాడు.

అయినా అంతవరకూ అది ఉత్తుత్తి అనుమానమే. రెండో సంవత్సరంలో అసలుది వచ్చి నెత్తిన పడింది. ప్రతి విద్యార్థీ ఒక మామూలు మనిషి జీవితకథని ఆ మనిషి నోటితోనే చెప్పించి, రికార్డు చేసి, మాట పొల్లుపోకుండా రాసుకురావాలట. దగ్గు వస్తే దగ్గు అని రాయాలట, మాట ఆగిపోతే ఎంతసేపు ఆగిందో కూడా రాయాలట.

"నేను అత్తయ్యని ఎంచుకున్నాను" అంది కూతురు.

మేస్త్రికి గొంతులో అన్నం ముద్ద అడ్డం పడింది.

ఎందుకు పడిందో చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట, భార్య పోయిన మూడో నెలలో, ఆ యూనివర్సిటీ నుంచే ఒక కవరు వచ్చింది. దాని మీద అక్క పేరుంది. అక్క అంతకు ముందు వేసవిలో, అంటే ఇంట్లో అందరూ బాగున్న రోజుల్లో, అక్కడ చదువుకోవడానికి దరఖాస్తు పెట్టుకుంది. పోస్ట్‌మాన్ కవరు తెచ్చి దుకాణంలో మేస్త్రి చేతికే ఇచ్చాడు. వెనక గదిలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, అక్క జోకొడుతోంది. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా రాని చదువు అది. అక్క వెళ్లిపోతే ఈ పసిగుడ్డుని ఎవరు చూస్తారు? తను ఆకురాయి పట్టాలా, పాలసీసా పట్టాలా? కవరుని తీసుకెళ్లి, చెవులకు అతుకులు వేసే కుంపట్లో పడేశాడు. అక్క నెలరోజులు ఎదురుచూసింది. తర్వాత ఆ ఊసెత్తలేదు. ఈయన కూడా దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు.

రోజూ మధ్యాహ్నం దుకాణం రెండు గంటలు మూసే వేళకి కూతురు వచ్చేది. వెనక గదిలో బల్ల మీద ఫోను పెట్టి, అత్తయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. మేస్త్రి దుకాణంలోనే నేల మీద నడుం వాల్చి, కళ్లు మూసుకుని, చెవులు రెండూ అటు పారేసేవాడు. ఏం లాభం? అక్క ఎప్పుడూ మిషను పక్కన కూర్చుని పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి, ఆ ఫోను ముందు మాత్రం గుసగుసలాడేది. అప్పుడప్పుడు ఇద్దరూ నవ్వేవారు. ఇంకొన్నిసార్లు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ చప్పుడు లేని చోట ఎన్ని సెకన్లని రాసుకుంటుందో ఈ పిల్ల అని మేస్త్రి తనూ లెక్కపెట్టేవాడు.

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. అక్క ఒకరోజు కూర వడ్డించేటప్పుడు ఆయన ముఖంలోకి అదోలా చూసింది. తెలిసిపోయిందనుకున్నాడు. ఇంకోరోజు అసలు చూడలేదు. అయితే కచ్చితంగా తెలిసిపోయిందనుకున్నాడు. ఇంతలో కూతురు ఒక ఉదయం చెప్పులు వేసుకుంటూ, "నాన్నా, ఇదివరకు మనకి ఉత్తరాలు తెచ్చే ఆయన ఇప్పుడెక్కడుంటున్నాడు?" అని అడిగింది.

"ఎందుకు?"

"ఊరికే. అత్తయ్య మాటల్లో ఆయన వచ్చాడు."

ఊరికేనట! ఆ సాయంత్రమే మేస్త్రి మూడు వీధుల అవతల ఉన్న పాత పోస్ట్‌మాన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. చేతిలో ఒక కొత్త తాళం. ఎవరూ అడక్కుండానే ఆ ఇంటి గేటుకి బిగించి, రెండు చెవులు ఆయన చేతిలో పెట్టి, "మావాళ్లెవరైనా వచ్చారా?" అన్నాడు. రాలేదన్నాడు ఆయన. మేస్త్రి వెళ్లిపోగానే ఆయన భార్య, "అడక్కుండా తాళం పెట్టిపోయాడు, మూడో చెవి తన దగ్గర ఉంచుకోలేదు కదా?" అని మొగుణ్ని నిలదీసిందట. మర్నాడే ఆ తాళం పీకించేశారు. లోకంలో మేస్త్రి ఒక్కడే తెలివైనవాడు కాదు మరి.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం కూతురు కుట్టిన కాగితాల దొంతర ఒకటి తెచ్చి, తండ్రి ముందు పెట్టింది. అక్క అప్పుడే గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఫోను బల్ల మీద ఎప్పటిలాగే ఉంది.

"నాన్నా, ఇది మా దగ్గర పద్ధతి. కథలో ఎవరి గురించి వచ్చినా, వాళ్లకి ఆ ముక్క చదివి వినిపించాలి. 'నా గురించి చెప్పింది నిజమే' అని వాళ్లు సంతకం పెట్టాలి. లేకపోతే మా మేడం తీసుకోదు. నీ గురించి ఒక పేజీ ఉంది. నువ్వు వినేటప్పుడు ఏమన్నా అంటే అది కూడా రాస్తాను."

"చదువు" అన్నాడు మేస్త్రి.

కూతురు చదివింది. అత్తయ్య మాటలు అత్తయ్య మాటల్లాగే ఉన్నాయి.

"మా తమ్ముడికి అందరి మీదా అనుమానమే కానీ, నన్ను మాత్రం ఏనాడూ అనుమానించలేదు. నేను ఆ చదువుకి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, జవాబు వచ్చిందేమోనని వాడే మూడుసార్లు పోస్టాఫీసుకి వెళ్లి కనుక్కొచ్చాడు. పాపం, పెళ్లాం పోయిన దుఃఖంలో ఉండి కూడా నా కోసం తిరిగాడు. రాలేదక్కా అని చెప్పేటప్పుడు వాడి ముఖం నాకింకా గుర్తే. నాకంటే వాడే ఎక్కువ బాధపడ్డాడు."

కూతురు ఆగి, కలం ముందుకు జరిపింది.

సంతకం పెట్టేస్తే అయిపోయేది. పెద్ద పనేం కాదు, ఆయన సంతకం రెండు గీతలే. ఎవరికీ ఏమీ తెలియదు. ఇరవై ఏళ్ల అబద్ధానికి యూనివర్సిటీ వాళ్లే ముద్ర కొట్టి దాచిపెట్టేవారు. కానీ అనుమానం ఊరుకోనివ్వాలి కదా! ఇంత మంచి మాటలు ఎవరైనా ఊరికే చెబుతారా? ఇది కావాలని పన్నిన వల అనుకున్నాడు. నేను పోస్టాఫీసుకి వెళ్లొచ్చినట్టు నటించిన మాట ఎందుకొచ్చింది? నా ముఖం గుర్తుందని ఎందుకంది? నిజమేనని నా చేత సంతకం పెట్టించుకుని, ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టి, నలుగురిలో నా పరువు తీస్తారన్నమాట.

కలం విసిరికొట్టాడు.

"ఎన్నాళ్లు ఆడతారే నాతో, అత్తా మేనకోడళ్లిద్దరూ? నేను ఆ కవరు కాల్చేశానని తెలిసి కూడా, ఏమీ ఎరగనట్టు ఈ పొగడ్తలెందుకు? అడగదలుచుకుంటే ముఖం మీదే అడగొచ్చు కదా!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఒక సామెత ఉంది. ఇక్కడ ఎవరంటే అని కూడా ఎవరూ అడగలేదు. కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. అక్క చేతిలో తుడుచుకునే గుడ్డ అలాగే ఉంది. వాళ్లకేమీ తెలియదని మేస్త్రికి అప్పుడు అర్థమైంది. గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

"ఏ కవరురా?" అంది అక్క.

"నీదే అక్కా. యూనివర్సిటీ వాళ్లు పంపింది."

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమని రాశారందులో?"

మేస్త్రి తల వంచుకున్నాడు. ఎన్నో బీరువాలూ పెట్టెలూ, ఇంటివాళ్లకే తెరుచుకోని తలుపులూ తెరిచిన మనిషి. "తెలీదక్కా. నేను విప్పలేదు. విప్పి చూస్తే నీకివ్వకుండా ఉండలేనని భయమేసింది."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఎన్ని సెకన్లో ఫోనులో ఉండే ఉంటుంది. తర్వాత మెల్లగా అంది. "జవాబు కూడా రాయలేదంటే, నేను రాసిన దరఖాస్తు చదివి నవ్వుకుని పక్కన పడేశారేమో అనుకున్నానురా. నాకంత తెలివి లేదని అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకుంటూ బతికాను."

మేస్త్రి ఏడ్చాడు. సిగ్గు విడిచి, కూతురి ముందే వెక్కివెక్కి ఏడ్చాడు. పసిపిల్ల కోసం చేశానని చెబుదామని నోరు తెరిచాడు గానీ, ఆ పసిపిల్ల ఎదురుగానే కూర్చుని ఉంది. ఆ మాట అంటే తన పాపం దాని నెత్తిన కూడా కొంత పడుతుంది. అందుకని నోరు మూసుకున్నాడు. జీవితంలో ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి.

కూతురే ముందు తేరుకుంది. "అత్తయ్యా, ఏ సంవత్సరం ఎవరికి సీటిచ్చారో రాసిన పాత పుస్తకాలు మా ఆఫీసులో ఉంటాయి. అడిగితే చూపిస్తారు. రేపు చూడనా?"

అక్క చేతిలో గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. తమ్ముడి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, అది దాచుకోలేదు. కోపం వెనకాల మరేదో కూడా ఉంది, అదీ దాచుకోలేదు.

"చూడమ్మా. సీటు రాలేదని ఉంటే మీ నాన్నకి చెప్పు, వాడికి కాస్త నిద్ర పడుతుంది. వచ్చిందని ఉంటే నా ఒక్కదానికే చెప్పు. వాడికేం చెప్పకు."

మర్నాడు దుకాణంలో పని ఏమీ తెమల్లేదు. మేస్త్రి ఒకే తాళాన్ని రెండుసార్లు విప్పి, రెండుసార్లు తప్పుగా బిగించాడు. నకలు చెవికి వచ్చినవాళ్లని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒకావిడ అయితే భయపడి, ఒంట్లో బాగాలేదా మేస్త్రీ అని అడిగింది. అక్క మాత్రం మిషను మీద వంచిన తల ఎత్తకుండా చెవులు కోస్తూనే ఉంది.

నాలుగు గంటలకి కూతురు వచ్చింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. రాలేదు నాన్నా అనే ఆ రెండు మాటల కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నాడు. ఎన్ని దేవుళ్లకి మొక్కుకున్నాడో ఆయనకే తెలియదు.

"అన్నం తిన్నావా నాన్నా?" అంది కూతురు.

తిన్నానన్నాడు. ఆ పిల్ల ఆయన్ని దాటుకుని మిషను దగ్గరికి వెళ్లింది. అక్క స్విచ్ ఆపి, చేతులకున్న ఇత్తడి పొడి దులుపుకుంది. కూతురు వంగి ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. అక్క కళ్లు పెద్దవి చేసి, చిన్నపిల్లలా ఆ పిల్ల చేయి పట్టుకుంది. గొంతు తగ్గించే అడిగింది కానీ, మిషను ఆగి ఉండడం వల్ల ఆ మాట మేస్త్రికి స్పష్టంగా వినబడింది.

"ఏ సబ్జెక్టులో ఇచ్చారే?"