చీర అంచులో పేరు

మ్యూజియంలో తాడు కట్టి, దూరంగా నిలబడి చూడమంటే అది కళ. వంటింట్లో మేకుకు వేలాడుతూ, పోపు పొగ పీలుస్తూ ఏడాదంతా మనతో ఉంటే అది ఉత్త కేలండర్ బొమ్మ. ఈ తేడా ఎవరు పెట్టారో గానీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నేను ఆస్ట్రేలియాలో, సిడ్నీ పక్కనున్న పారమట్టాలో ఒక ఆఫీసులో ప్రోగ్రామర్ని. రెండువేల సంవత్సరం వస్తోందని, కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలు అనుకుంటాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని వెతికి నాలుగంకెలు చేయడమే నా పని. పక్క సీటులో మెక్సికో నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మేం మార్చిన ప్రోగ్రాములను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆవిడ ఉద్యోగం. ఏ మీట నొక్కాలో చూపించే చెయ్యి గీసినా ఆ చేతికి ఒక వయసుండేది.

ఆవిడ తండ్రి మెక్సికోలో నలభై ఏళ్ళు కేలండర్లకు బొమ్మలు వేశారట. అక్కడా మనలాగే కిరాణా కొట్లవాళ్ళూ మందుల షాపులవాళ్ళూ కొత్త సంవత్సరానికి కేలండర్లు పంచుతారట. ఆయన వేసిన కొండలూ, గుర్రాలూ, మొక్కజొన్న పొత్తులు మోసే ఆడవాళ్ళూ చదువురాని వాళ్ళ ఇళ్ళ గోడల మీద కూడా ఉండేవట. కింద ఆయన సంతకం ఉన్నచోటే కొట్టు పేరు అచ్చేసేవారు.

ఒకరోజు నా డబ్బాలోని పులిహోర తింటూ ఆవిడ అంది: "మా దేశపు చిత్రకారులంటే ఇక్కడివాళ్ళకు పెద్ద పెద్ద గోడలకు రంగులేసిన నలుగురే తెలుసు. మా ఊరికి రంగులు చూడడం నేర్పింది మాత్రం మా నాన్నలాంటి వాళ్ళు. ఆయన ఆ బొమ్మలు వేస్తారని ఆయన వీధిలోనే ఎవరికీ తెలియదు."

మా ఇంట్లోనూ అంతేనని చెప్పాను. ఏడాది అయిపోగానే మా అమ్మ తేదీల భాగం కత్తిరించేసి లక్ష్మీదేవి బొమ్మకు ఫ్రేము కట్టించేది. గీసినవాళ్ళ పేరు కత్తెరకు పోయేది. అన్నేళ్ళు దణ్ణం పెట్టిన ఆ బొమ్మ ఎవరు వేశారో నేను ఒక్కరోజైనా అడగలేదు.

ఆ ఏడాది మా తెలుగు సంఘం కొత్త సంవత్సరానికి కేలండర్ వేయాలనుకుంది. బొమ్మలు తను వేస్తానంది ఆవిడ. మూడు నెలల పాటు శనివారాలు మా ఇంటికొచ్చి, కుచ్చిళ్ళు ఎలా పడతాయో, బతుకమ్మలో ఏ పువ్వు మీద ఏ పువ్వు పేరుస్తారో నా భార్యను అడిగి తెలుసుకుంది. పన్నెండు బొమ్మలు వేసింది. అన్నిట్లోనూ చీరకట్టిన ఆడవాళ్ళో, అమ్మవార్లో. డబ్బు వద్దంది. అడిగింది ఒక్కటే, పేరు ఉండాలని. ఏ కత్తెరకూ దొరక్కుండా బొమ్మ లోపలే, చీర అంచు డిజైనులో కలిపి తమ ఇంటిపేరు సన్నగా రాసింది. అచ్చవగానే తండ్రికి పంపాలి. ఆయనకు ఎనభై దాటాయి. తమ పేరున్న కేలండర్ ఒక్కటైనా చూసి పోవాలని ఆయన కోరిక.

కమిటీ మీటింగులో బొమ్మలు చూసి అందరూ ఆహా అన్నారు. ప్రెసిడెంట్ అంకుల్ మాత్రం కళ్ళజోడు సర్దుకుని లక్ష్మీదేవి చీర అంచు మీద వేలు పెట్టారు.

"ఇదేంటయ్యా, అమ్మవారి చీర మీద ఇంగ్లీషు లెటర్సు?"

"గీసినావిడ పేరు, అంకుల్."

"పాదాల దగ్గర మనిషి పేరేంటి, అపచారం కాదూ? పీపుల్ విల్ గెట్ హర్ట్, యూ నో. తీసేయించు. అన్నిట్లోనూ."

"పోనీ కింద ఎక్కడైనా వేద్దామా?"

"కింద స్పాన్సర్సున్నారు కదా, స్పేసెక్కడిది? ఫంక్షన్లో స్టేజి మీద శాలువా కప్పేద్దాం. షీ విల్ బీ హ్యాపీ."

స్పాన్సర్లంటే ఎవరు? అమ్మవారి నెత్తి మీద ఇళ్ళ లోన్లు ఇప్పించే పెద్దమనిషి నవ్వు మొహం. పాదాల కింద ఫ్రోజెన్ మేకమాంసం దొరుకుతుందని కిరాణా కొట్టు ప్రకటన, ఫోన్ నంబరుతో సహా. వాటికి అపచారం లేదు! ఆ తల్లి కళ్ళలోకి దయ తెచ్చిన మనిషి పేరు మాత్రం అపచారం. సంవత్సరంలో రెండంకెలు లేవని ప్రపంచమంతా గగ్గోలు పెడుతోంది. ఒక మనిషి పేరు మొత్తం ఎగిరిపోతుంటే మావాళ్ళు టీ తాగుతూ తలలూపారు. సిగ్గూ శరం ఉన్నవాళ్ళు చేసే పనేనా అది?

ఫంక్షన్ ఒక స్కూలు హాల్లో జరిగింది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. ఆవిడ స్టేజి దిగి, శాలువా కుర్చీ మీద పడేసి కేలండర్ విప్పింది. జనవరి చీర అంచు చూసింది. ఫిబ్రవరి చూసింది. అలా డిసెంబరు దాకా తిప్పింది. పేరు ఉండాల్సిన చోట వరసగా మామిడి పిందెల డిజైను ఉంది.

"ఎవరు చేశారు?" అని అడిగింది.

"కమిటీ," అన్నాను.

"మీ కమిటీలో కంప్యూటర్లో బొమ్మలు దిద్దడం వచ్చింది నీకొక్కడికేనని నువ్వే చెప్పావు."

ఒక ఆదివారమంతా కూర్చుని, పన్నెండు బొమ్మలనూ పెద్దవి చేసి, ఒక్కో అక్షరం మీదా పక్కనున్న మామిడి పిందెను తెచ్చి అతికించింది నేనే. అతుకు ఎక్కడా కనబడలేదని మురిసిపోయాను కూడా. అంకుల్‌కు కుదరదని చెబితే ఏం పోయేది? మహా అయితే కమిటీలోంచి తీసేసేవారు. కేలండర్ చివరి పేజీలో కమిటీ సభ్యుల పేర్లున్నాయి. నాది నాలుగోది.

ఆవిడ కేలండర్ చుట్టి నా చేతికిచ్చింది.

"ఇది మా నాన్నకు పంపలేను," అంది. "ఇలాంటివి ఆయన దగ్గర నలభై ఉన్నాయి."